రెండు హారన్లు

"నేనే చంపిన. రాస్కోండ్రి."

జగన్ ఈ మాట అనడం పొద్దుటినుంచి ఇది పదకొండోసారి. నేను లెక్కపెట్టాను. స్టేషన్ వెనక గదిలో బల్లకి ఆ పక్క వాడు, ఈ పక్క నేను. గోడ గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. నాలుగింటికి వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడా ఇదే ముక్క అన్నాడంటే ఇక నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

"ఎట్ల చంపినవ్?" అన్నాను.

"చంపిన."

"తోసినవా? కొట్టినవా? బండితోని గుద్దినవా?"

తల దించుకున్నాడు.

"చంపినోనికే ఎట్ల చంపిండో తెల్వకుంటే నేనేం రాస్కోవాల్రా?" అని పుస్తకం మూసేశాను. నాకు ఓపిక తక్కువ. ముప్ఫై ఏళ్ళు పోలీసు కొలువు చేసి హెడ్ కానిస్టేబుల్‌గానే బయటపడ్డానంటే సగం కారణం అదే. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ మెట్ల కింద గది కిరాయికి తీసుకుని 'దశరథ, డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్నాను. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. జగన్ అక్క యాదలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆమె ఆర్టీసీలో కండక్టరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది, బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. తుర్కయంజాల్ నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చి, "అన్నా, మావోడు చీమను గూడ చంపడు, చంపిన అంటున్నడు, జర అడుగు" అంది. ఇప్పుడు బయట వరండాలో కూర్చుని ఉంది.

జరిగింది ఇదీ. ఆదివారం తెల్లవారుజామున అయిదుగురు స్నేహితులు ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి మోటారు సైకిళ్ళ మీద బయల్దేరారు. సాగర్, మాచర్ల, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోవాలని. పైన వాన, మంచు. ఘాట్‌లో దారి చీలిన చోట నాగార్జున అనే కుర్రాడు లోయలో పడి చనిపోయాడు. కింద ఎనభై అడుగుల్లో మనిషి, బండి రెండూ దొరికాయి. అక్కడివాళ్ళు ప్రమాదమనే రాశారు. కానీ రెయిన్‌కోటు మీది గుండీలు మూడు దారంతో సహా ఊడిపోయి ఉన్నాయి. అవి రాళ్ళు తెంపిన గుండీలు కావు, ఎవరో పట్టుకుని గుంజినవి. పైగా శుక్రవారం కర్మన్‌ఘాట్‌లోని జగన్ మెకానిక్ షెడ్డులో వాళ్ళిద్దరికీ పెద్ద గొడవైంది. బెదిరింపు ఇక్కడ జరిగింది కాబట్టి నాగార్జున తండ్రి వెంకట్రావు ఇక్కడ కేసు పెట్టాడు.

ఇక వీళ్ళ గుంపు పద్ధతి చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు. ముందు భానుమూర్తి పోతాడు, దారి తెలిసినవాడు. చివర జగన్, ఎవరి బండి ఆగినా బాగుచేయాలి గనక. దారి చీలిన ప్రతిచోటా భానుమూర్తి తన వెనకున్నవాణ్ణి నిలబెట్టి వెళ్ళిపోతాడు. నిలబడ్డవాడు వెనకొచ్చేవాళ్ళకి దారి చూపించాలి. చివరిబండి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు, వాన కురిసినా సరే. జగన్ వచ్చి రెండు హారన్లు కొడతాడు. అందరం వచ్చేశాం, ఇక కదులు అని దానర్థం. రెయిన్‌కోటూ హెల్మెటూ వేసుకున్నాక ఎవరెవరో తెలియదు కాబట్టి ఆ రెండు హారన్లే గుర్తు. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే వీళ్ళు ఊళ్ళో ఒకరింటికి ఒకరు వెళ్ళినా గేటు ముందు రెండు హారన్లే.

ఆ రోజు చీలిక దగ్గర నిలబడ్డవాడు నాగార్జున. అతన్ని నిలబెట్టి భానుమూర్తి పోయాడు. తర్వాత పట్టాభి, ఆ తర్వాత నాలుగో బండి, చివర జగన్.

ఆ నాలుగో బండి నాది. తోలింది మా అక్క కొడుకు సాయినాథ్. అక్క పోయాక నా దగ్గరే పెరిగాడు. సోమవారం వాడు ఇల్లు చేరగానే, పోయింది మనవాడు కాదు అని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ సిగ్గు నాకింకా ఉంది. వాడు తిండి కూడా తినకుండా బండి కడిగి, తుడిచి, కొత్తదానిలా నిలబెట్టాడు. ఆ బండి చూసి ఒకటి అడగాలనిపించింది. అడగలేదు. అదేమిటో చెప్తాను, తొందరపడకండి. భానుమూర్తి దగ్గర మూడు పేజీలు రాసుకున్నాను, పట్టాభి దగ్గర మూడు. పైన వానకి తలో చోట ఆగారట, ఎవరి తర్వాత ఎవరు చేరారో ఇద్దరూ చూడలేదు. సాయినాథ్ దగ్గర నాలుగు లైన్లు. 'నాగార్జున నిలబడ్డడు, చెయ్యి ఊపిండు, నేను పోయిన, గంతే మామా.'

"శుక్రవారం గొడవ ఎందుకైంది?" అని జగన్‌ని అడిగాను.

"సర్వీసింగుకు తెచ్చిండు. ప్లేటు మీద ఏపీ ఉండె. నేను దాని మీద టీజీ స్టిక్కర్ ఏసిన. గల్లీల అందరికీ ఏస్తున్న గదా అన్నా, అట్లనే. ఆడు పీకేసిండు. నన్ను అడగకుండ ఎట్ల ఏస్తవన్నడు. మాట మాట పెరిగింది."

"నువ్వేమన్నవ్?"

"అటు దిక్కు పోయి ఎట్ల తిరిగొస్తవో సూస్త అన్న. ఊకెనే అన్నన్నా. కోపంల."

"ఆదివారం?"

"సాగర్ కాడ చాయ్ తాగేటప్పుడు ఎన్కకెల్లి పోయి మల్ల ఏసిన. ఆనికి తెల్వదు."

"తమాషకా?"

"తమాషకే." కాసేపు బల్ల వైపు చూశాడు. "తమాషకు కాదు. కోపం పోలే."

అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే వచ్చాయి. నేను అడ్డు తగల్లేదు. మాచర్ల దాటాక రోడ్డు పని జరుగుతోందట, నాలుగు కిలోమీటర్లు నల్లమట్టి బురద. బళ్ళన్నీ చక్రాల దాకా కూరుకుపోయాయట. ఘాట్ ఎక్కగానే వాన, దాని మీద మంచు.

"పది గజాల అవుతల ఏం కనబడ్తలేదు. చీలిక కాడ మనిషి నిలబడ్డడు. పక్కన బండి. నా లైటు ఆ ప్లేటు మీద పడ్డది. టీజీ అని కనబడ్డది. నేనేసిందే గదా. నవ్వొచ్చిందన్నా."

"మొహం చూసినవా?"

"లే. ప్లేటే సూసిన."

వాణ్ణి తిట్టలేకపోయాను. ఆ నెలల్లో మేమందరం అంతే. ఎదురొచ్చే బండి ప్లేటు ముందు చూసేవాళ్ళం, మనిషిని తర్వాత.

"హారన్ కొట్టినవా?"

రెండు చేతులతో మొహం కప్పుకుని, ఆ వేళ్ళ సందుల్లోంచి చెప్పాడు.

"కొట్టలే. నిలబడనీ బిడ్డ, ఇంకో గంట తడ్వనీ అనుకున్న. మొఖం తిప్పుకుని పోయిన. ఆడు కాయిదా తప్పనోడన్నా. హారన్ ఇనకుంటే జిందగీల కదలడు. నిలబడే ఉన్నడు. ఆ దిక్కోడు ఎవడో టీజీ సూసి, తెలంగాణోడనుకుని కొట్లాట పెట్టుకున్నడు, తోసిండు. ఆంధ్ర పిలగాన్ని తెలంగాణోడని చంపిండ్రు. నా స్టిక్కరే చంపింది. నేనే చంపిన. రాస్కోండ్రి."

పన్నెండోసారి. ఈసారి రాసుకున్నాను.

*

నాగార్జున బండి స్టేషన్ వెనక ఆవరణలో టార్పాలిన్ కింద ఉంది. కానిస్టేబుల్ టార్పాలిన్ తీసి, "అయిదు నిమిషాలే, సార్ చూస్తే నన్ను తిడతడు" అన్నాడు. నేను కింద కూర్చున్నాను.

ముందు చక్రం వంకరపోయింది. హ్యాండిల్ విరిగింది. వెనక భాగం మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. ప్లేటు కొంచెం వంగింది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఏపీ. దాని మీద స్టిక్కర్ లేదు. లోయలో చెట్టుకొమ్మలు గీరితే స్టిక్కర్ పోవచ్చు, కానీ కొమ్మలు గీరితే రంగు కూడా పోవాలి కదా. రంగు ఉంది. వేలితో రుద్దాను, వేలు సర్రున జారింది. వాసన చూశాను. గ్రీజు. ప్లేటంతా కాదు, ఏపీ అన్న రెండక్షరాల మేర మాత్రమే పల్చగా రాసి ఉంది.

వెనక మడ్‌గార్డు లోపల మట్టి అరంగుళం మందాన ఎండి ఉంది. నా తాళంచెవితో మెల్లగా గీకాను. పైన ఎర్రమట్టి, ఘాట్‌ది. దాని కింద నల్లమట్టి. నల్లమట్టి పొర పెచ్చులా ఊడి వచ్చాక, దాని కింద, మడ్‌గార్డు రేకుకి అంటుకుని ముడతలు పడ్డ చిన్న కాగితం. దాని మీద టీజీ.

నేను అలాగే కూర్చుండిపోయాను. నల్లమట్టి తగిలింది మాచర్ల దాటగానే. స్టిక్కర్ ఆ మట్టికి కింద ఉంది. అంటే ఆ మట్టి పడకముందే ప్లేటు మీంచి జారి లోపలికి పోయింది. గ్రీజు మీద స్టిక్కర్ ఎంతసేపు ఆగుతుంది? జగన్ అంటించింది సాగర్‌లో ఆరున్నరకి. చీలిక దగ్గరికి వాడొచ్చింది పదకొండున్నర దాటాక. అప్పటికి నాగార్జున ప్లేటు మీద టీజీ లేదు.

మరి జగన్ లైటు పడింది ఎవరి ప్లేటు మీద?

"ఆ గ్రీజు మావాడే రాశాడండీ."

వెనక్కి తిరిగాను. వెంకట్రావు గారు. మా గది పైనున్న కోచింగ్ సెంటర్‌లోనే లెక్కలు చెప్తారు, రోజూ మెట్ల మీద కనిపించే మనిషి. మూడు రోజుల్లో చొక్కా వదులైపోయింది. కొడుకు వాచీ, పర్సు తీసుకోడానికి సంతకం పెట్టమని పిలిచారట.

"శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి చెప్పాడు, నాన్నా, వాడు మళ్ళీ అంటిస్తాడు, నేను మళ్ళీ పీకుతాను, ఊరికే గొడవ అని. పోలీసు కంప్లయింటు ఇమ్మన్నాను నేను. నవ్వాడండీ. నా ఫ్రెండు మీద కంప్లయింటేంటి, కాస్త గ్రీజు రాస్తే సరిపోతుంది, అంటించినా నిలవదు, వాడికీ కోపం రాదు, నాకూ రాదు అన్నాడు." ఆయన ప్లేటు వైపు చూస్తూ మాట్లాడుతున్నారు. "నేను పోనిచ్చానండీ. వానలో వద్దురా అని ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు. అనలేదు."

ఇలాంటప్పుడు ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీ మేనల్లుడు మాత్రం బంగారమండీ" అన్నారాయన. "సోమవారం నుంచి రోజూ వచ్చి పోతున్నాడు. వద్దంటే వినడు. నిన్న నా కాళ్ళ దగ్గర కూర్చుని గంటసేపు ఏడ్చాడు. క్షమించండి అంకుల్, క్షమించండి అంకుల్ అంటాడు. నువ్వేం చేశావురా అని నేనే ఓదార్చాను."

నేను లేచి నిలబడ్డాను. గడియారం చూసుకున్నాను. రెండూ ఇరవై. బస్సుల్లేవు కదా, మూడింటికి వచ్చి తీసుకెళ్తా మామా అన్నాడు సాయినాథ్.

*

ఇన్‌స్పెక్టర్ సాంబమూర్తి నన్ను స్టేషన్‌లోకి ఎందుకు రానిచ్చాడంటే, నేను ఓడిపోతుంటే దగ్గరుండి చూడాలని. ఇరవై ఏళ్ళ క్రితం అతను కొత్త ఎస్సై, నేను హెడ్డు. ఒక దొంగతనం కేసులో అతను పట్టుకొచ్చినవాడు దొంగ కాదని నలుగురి ముందు చెప్పాను. పక్కకి పిలిచి చెప్పాల్సింది. అది నా తప్పే, కానీ అతను మాత్రం ఇవాల్టికీ మర్చిపోలేదు.

"రండి హెడ్డుగారూ, రండి. తేల్చేశారా?" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "టీ తాగుతారా? లేకపోతే మీ వాణ్ణి కోర్టుకి పంపించాక కలిసి తాగుదామా?"

"జగన్ చంపలే సార్."

"వాడు చంపానంటున్నాడు. మీరు చంపలేదంటున్నారు. వాడి సంగతి వాడికంటే మీకే బాగా తెలుసన్నమాట."

స్టిక్కర్ ముక్కని కాగితంలో పెట్టి అతని ముందుంచాను. గ్రీజు సంగతి, మట్టి సంగతి చెప్పాను. వినడానికి తెలివైనవాడే. కళ్ళు చిన్నవి చేసుకుని రెండుసార్లు ఆ కాగితం తిప్పి చూశాడు.

"సరే. ఆ ప్లేటు మీద స్టిక్కర్ లేదు. అయితే ఏంటి? చూశానని జగన్ అబద్ధం చెప్పాడు."

"తన నెత్తి మీదికి తెచ్చుకునే అబద్ధం ఎవడు చెప్తడు సార్? వాడు టీజీ ప్లేటు చూసిండు. అది నాగార్జున బండి కాదు. అక్కడ నిలబడ్డది నాగార్జున గూడ కాదు. అప్పటికే ఆ పిలగాడు లోయల ఉన్నడు."

"మంచు, వాన, దెయ్యం. కథ బావుంది." బల్ల సొరుగు లాగి ఒక జిరాక్సు కాగితం తీశాడు. "మీరు బురద గీక్కుంటుంటే మేం నిద్రపోలేదండీ. చీలిక దాటాక రెండు కిలోమీటర్లలో అటవీశాఖ గేటుంది. వెళ్ళే ప్రతి బండి నంబరూ, టైమూ రాస్తారు. చూడండి. పదకొండూ ఇరవయ్యారు, భానుమూర్తి. పదకొండూ ముప్ఫయ్యొకటి, పట్టాభి. పదకొండూ నలభయ్యయిదు, జగన్. గుంపులో చివరివాడు ఎవడు? జగన్. నాగార్జునని ప్రాణాలతో ఆఖరున చూసింది ఎవడు? జగన్. ఇక మీ స్టిక్కర్ మీరే దాచుకోండి."

జగన్ నంబరు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, కింద అడ్డగీత కొట్టాడు. చివరివాడు దాటిపోయాడు గనక అక్కడితో కాగితం అయిపోయిందనుకున్నాడు.

"నాలుగో బండి ఏది సార్?" అన్నాను.

"ఏం?"

"జగన్ కంటే ముందు నాలుగు బండ్లు. ఒకటి నాగార్జునది, గేటు దాక రాలే. ఇంక మూడుండాలె. మీరు రెండే చదివిండ్రు."

"వానలో ఒకటి రాయడం మర్చిపోయుంటాడు."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. ఎర్రగీత కింద ఇంకో లైను ఉంది. అవతలి ప్రాంతపు గేటు మనిషి, ఏం రాస్తే ఎవరికి కోపం వస్తుందో పట్టించుకోకుండా, కంటికి కనిపించింది కనిపించినట్టు రాశాడు. పదకొండూ యాభై ఎనిమిది. టీజీ 29. నాలుగు, ఒకటి, సున్నా, ఏడు.

పద్నాలుగేళ్ళుగా నేను తోలుతున్న బండి నంబరు అది.

ఇప్పుడు చెప్తాను, నేను అడగనిదేమిటో. సమ్మె మొదలైన రోజు మా గల్లీలో స్టిక్కర్లు పంచారు. ముప్ఫై ఏళ్ళు లాఠీ పట్టుకుని, పైవాళ్ళు తోలమన్న వైపు జనాన్ని తోలిన చేత్తో, నేను కూడా ఒక స్టిక్కర్ తీసుకుని నా ప్లేటు మీద అంటించుకున్నాను. సోమవారం సాయినాథ్ కడిగి నిలబెట్టిన బండి మీద ఆ స్టిక్కర్ లేదు. ఎందుకు పీకినవ్ రా అని అడగాలి కదా? సాగర్ బ్రిడ్జి దాటకముందే భయపడి పీకేసి ఉంటాడులే అనుకున్నాను. ఆ జవాబు వాడు చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. ఊరందరినీ ప్రశ్నలేసి బతికేవాణ్ణి, ఇంట్లో ఒక్కటి అడగలేకపోయాను. జగన్ టీజీ అన్నప్పుడే నాకు తెలుసు. గ్రీజు చూసినప్పుడు ఇంకా బాగా తెలుసు. అయినా కాగితం మీద ఇంకెవరి నంబరో ఉండాలని ఇంతసేపూ మొక్కుకుంటూ వచ్చాను.

సాంబమూర్తి ఆ లైను ఇంకా చదవలేదు. కాగితం మడిచి ఇచ్చేసి, "మీరే గెలిచిండ్రు సార్" అంటే చాలు. అతను సంతోషంగా టీ తెప్పిస్తాడు. మా అక్క చచ్చిపోతూ నా చేతిలో పెట్టిన పిల్లాడు రాత్రికి ఇంట్లో నాతో పాటు అన్నం తింటాడు. ఎందుకు చేశాడో, కావాలని తోశాడో, గుంజులాటలో జారిందో, ఇంట్లోనే తలుపేసుకుని అడగొచ్చు. జగన్ ఎలాగూ తానే చంపానంటున్నాడు.

తలుపు తెరిచే ఉంది. వరండాలో యాదలక్ష్మి లేచి నిలబడి నా వైపే చూస్తోంది. ఆ వెనకే జగన్‌ని సంకెళ్ళతో బయటికి తెస్తున్నారు.

గేటు బయట రెండు హారన్లు మోగాయి.

జగన్ తల ఎత్తాడు. ఆ చప్పుడు వాడు కొట్టాల్సింది, కొట్టనిది. గోడ గడియారం సరిగ్గా మూడు. చెప్పిన టైముకి రావడం సాయినాథ్‌కి నేనే నేర్పాను.

"సార్, గీత కింద ఇంకో లైనుంది, చదవండి" అన్నాను.

సాంబమూర్తి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "నాలుగు ఒకటి సున్నా ఏడు. చివరివాడి తర్వాత వచ్చిందా ఇది? ఎవరిదీ?"

"నాది. ఆదివారం తోలింది నా మేనల్లుడు. జగన్ కంటే ముందు పోయిన అని నాకు చెప్పిండు. పదమూడు నిమిషాలు ఎన్క గేటు దాటిండు. జగన్ చూసిన టీజీ ప్లేటు ఇదే. ఆ స్టిక్కర్ ఏసింది నేను."

అతను కళ్ళజోడు తీశాడు. నవ్వుతాడనుకున్నాను. ఇరవై ఏళ్ళ బాకీ తీర్చుకోడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ లేచి వెళ్ళి గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"దశరథ గారూ, ఒకసారి ఆలోచించి చెప్పండి" అన్నాడు మెల్లగా.

"ఆలోచిస్తే చెప్పలేను సార్. రాస్కోండ్రి."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. సాయినాథ్ బండి స్టాండు వేసి, నా కోసం తెచ్చిన హెల్మెట్ చేత్తో తుడుస్తూ నిలబడి ఉన్నాడు.